‘టీ’ స్టాండ్ మీద ప్రతి బంతినీ కొట్టే అబ్బాయి మ్యాచ్‌లో బ్యాట్ కదపడం లేదు

న్యూజెర్సీలో ఉంటున్న ఒక తండ్రి, పేరు వేయవద్దని కోరుతూ, మూడు పేజీల ఉత్తరం రాశారు. ఆయన సొంత ఊరు వరంగల్ దగ్గర. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కాలేజీ క్రికెట్ జట్టుకు ఓపెనర్‌గా ఆడారు. బేస్‌బాల్ బ్యాట్‌ను మొదటిసారి చేత్తో పట్టుకున్నది మాత్రం మూడేళ్ళ క్రితం, కొడుకును ఊళ్ళోని పిల్లల బేస్‌బాల్ లీగ్ అయిన లిటిల్ లీగ్‌లో చేర్పించినప్పుడు. ఇప్పుడు ఆ అబ్బాయికి పదేళ్ళు. ఈ సీజన్‌లో జట్టుకు సహాయ కోచ్ కావాలంటే ఆ తండ్రే ముందుకు వచ్చారు. ఏప్రిల్ రెండో వారంలో, చలి ఇంకా తగ్గని ఒక సాయంత్రం, అవతలి జట్టు పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) విసిరిన బంతి అబ్బాయి మోచేతికి తగిలింది. ఎముకకు ఏమీ కాలేదు, వారంలో వాపు తగ్గింది. ఆ తర్వాత 18 సార్లు బ్యాటింగ్‌కు దిగితే వచ్చినవి 2 హిట్లు. 11 సార్లు స్ట్రయికౌట్ అయ్యాడు, అంటే మూడు స్ట్రైకులు పడి వెనుదిరిగాడు (కొట్టదగిన బంతిని వదిలేసినా, బ్యాట్ తిప్పి తప్పించినా అది ఒక స్ట్రైక్). అందులో 7 సార్లు మూడో స్ట్రైక్‌కు బ్యాట్ కదపనే లేదు.

ఇంట్లో మాత్రం కథ వేరుగా ఉంది. గ్యారేజ్‌లో నెట్ కట్టి, టీ మీద, అంటే బంతిని నిలబెట్టే చిన్న స్టాండ్ మీద, బంతి పెట్టి, రోజూ సాయంత్రం 200 బంతులు కొట్టిస్తున్నారు. అక్కడ అబ్బాయి ఒక్క బంతి కూడా వదలడు. వారానికొక కొత్త వీడియో చూసి కొత్త డ్రిల్ మొదలుపెడుతున్నారు. జట్టు కోచ్ "బంతిని పై నుంచి కిందికి కొట్టు" అంటారు, వీడియోల్లో "కింది నుంచి పైకి లేపు" అంటారు, తండ్రి తనకు తెలిసిన క్రికెట్ భాషలో "ముందుకాలు వెయ్యి" అంటారు. ఈ నెలలో రెండుసార్లు ప్రాక్టీసుకు బయలుదేరే ముందు అబ్బాయి కడుపునొప్పి అన్నాడట. తల్లి బేస్‌బాల్ మాన్పించి క్రికెట్ అకాడమీకి పంపుదామంటున్నారు. "ఏ డ్రిల్ చేయిస్తే వీడు మ్యాచ్‌లో కొడతాడో చెప్పండి. జట్టులో మిగతా పదకొండు మంది పిల్లలకు కూడా పనికొచ్చేలా చెప్పండి" అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరంలో నన్ను నిలిపేసిన అంకె 200 కాదు, 7. పదకొండు స్ట్రయికౌట్లలో ఏడింట మీ అబ్బాయి బ్యాట్ కదపలేదని మీరే లెక్క రాశారు. స్వింగ్, అంటే బ్యాట్ తిప్పే తీరు, బాగా లేని పిల్లవాడు బ్యాట్ తిప్పి బంతిని తప్పిస్తాడు, లేదా గాలిలోకి చిన్న క్యాచ్ లేపుతాడు. బ్యాట్ కదపని పిల్లవాడి ఇబ్బంది మరొకటి. అతను నిర్ణయం తీసుకోలేకపోతున్నాడు, లేదా తీసుకొనేసరికి బంతి క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) చేతిలో ఉంటోంది, లేదా బంతి తనవైపు రావడమే అతనికి ఇష్టం లేదు. ఈ మూడింటికీ టీ మీద బంతి కొట్టడం మందు కాదు. టీ మీది బంతి కదలదు, ఎవరినీ మోసం చేయదు, ఎవరి మోచేతికీ తగలదు. మీరు ఇన్నాళ్ళూ ఎంతో ప్రేమగా, ఓపికగా చేయించిన సాధన, అబ్బాయికి ఇప్పటికే వచ్చిన పనిని ఇంకా బాగా వచ్చేలా చేసింది. రాని పని అలాగే ఉండిపోయింది. ఇందులో మీ తప్పు వెతకడం నా ఉద్దేశం కాదు. నేను పిల్లల జట్లకు కోచ్‌గా చేసిన మొదటి రెండు సీజన్లలో అచ్చం ఇదే చేశాను.

అందుకే డ్రిల్ పేరు చెప్పే ముందు మీతో ఒక పని చేయించాలనుకుంటున్నాను. వచ్చే రెండు మ్యాచ్‌లలో, వీలైతే వేరొకరిని మీ స్థానంలో నిలబెట్టి, మీరు ఒక చిన్న నోట్‌బుక్‌తో కూర్చోండి. మీ అబ్బాయికి వచ్చే ప్రతి బంతికీ నాలుగు సంగతులు రాయండి. అది స్ట్రైకా, కాదా? బ్యాట్ తిప్పాడా, లేదా? ముందుకాలు ఎటు పడింది? ఫౌల్ అయితే, అంటే కొట్టిన బంతి మైదానం గీతల బయటికి పోతే, ఎటు పోయింది? కుడిచేతి బ్యాటర్ కొట్టిన ఫౌల్ మొదటి బేస్ వైపు, అంటే పిచర్‌ను చూస్తే కుడి పక్కకు, పోతే బ్యాట్ ఆలస్యంగా వచ్చినట్టు, మూడో బేస్ వైపు, అంటే ఎడమ పక్కకు, పోతే తొందరపడినట్టు. నేరుగా వెనక్కి పోతే సమయం దాదాపు సరిపోయింది, బ్యాట్ కొంచెం కిందుగా వెళ్ళిందంతే. అలాంటి ఫౌల్ కొట్టిన పిల్లవాడిని నేను మెచ్చుకుంటాను. ముందుకాలు పిచర్ వైపు కాకుండా మూడో బేస్ వైపు జారుతుంటే, అది భయం రాసిన అక్షరం. రెండు మ్యాచ్‌ల నోట్‌బుక్ చూస్తే, ఏ డ్రిల్ కావాలో మీకే సగం తెలిసిపోతుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు డ్రిల్లుల కన్నా ముందు తేల్చుకోవాలి. ఒకటి, కంటి పరీక్ష. కదలని బంతిని బాగా కొట్టి, కదిలే బంతికి తడబడే పిల్లవాడికి దూరపు చూపు ఎలా ఉందో ఒకసారి డాక్టరుకు చూపించడం మంచిది. పిల్లలు తమకు మసకగా కనబడుతోందని చెప్పరు, అందరికీ అలాగే కనబడుతుందనుకుంటారు. రెండోది బ్యాట్. "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని 31 అంగుళాలది కొన్నాను" అని రాశారు. స్కూలు యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించే అలవాటు మనందరిదీ, కానీ బ్యాట్ విషయంలో ఆ పొదుపు పనికిరాదు. పదేళ్ళ సగటు ఎత్తు పిల్లలకు సాధారణంగా 28 లేదా 29 అంగుళాల బ్యాట్ నప్పుతుంది. అబ్బాయి బ్యాట్‌ను ఒక్క చేత్తో పట్టుకొని, చేయి పక్కకు చాపి, నేలకు సమాంతరంగా ఇరవై సెకన్లు నిలపగలడేమో చూడండి. అంతకు ముందే బ్యాట్ కొన కిందికి వాలిపోతుంటే, ఆ బ్యాట్ అతనికి బరువు. బరువైన బ్యాట్ పట్టుకున్న పిల్లవాడు తెలియకుండానే ముందుగా నిర్ణయించుకోవలసి వస్తుంది. ముందుగా నిర్ణయించుకోలేనివాడు వదిలేస్తాడు. కొత్తది కొనాలంటే, 2018 నుంచి లిటిల్ లీగ్‌లో అమల్లో ఉన్న 'యూఎస్ఏ బేస్‌బాల్' ముద్ర బ్యాట్ మీద ఉందో లేదో చూసుకోండి. కొనేలోపు జట్టులో ఎవరిదైనా చిన్న బ్యాట్ అడిగి వాడనివ్వండి.

ఇక భయం సంగతి. దీన్ని నేను అన్నిటికన్నా ముందు పెడుతున్నాను, ఎందుకంటే మోచేతికి బంతి తగిలిన తేదీ, హిట్లు ఆగిపోయిన తేదీ మీ ఉత్తరంలో ఒక్కటే. వాపు వారంలో పోయిందని రాశారు, కానీ ఒంటికి ఆ జ్ఞాపకం అంత తొందరగా పోదు. "భయపడకు" అని చెప్పడం వల్ల ఏ పిల్లవాడికీ భయం పోలేదు. బంతి మీదికి వస్తే ఏం చేయాలో ఒంటికి తెలిస్తే మాత్రం భయం తగ్గుతుంది. చాలామంది పిల్లలకు ఈ పని ఎవరూ నేర్పరు. బంతి మీదికి వస్తున్నప్పుడు పిల్లవాడు సహజంగా వెనక్కి వంగి, ఛాతీ, ముఖం బంతివైపు తెరుస్తాడు. అదే ప్రమాదం. చేయవలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ముందు భుజాన్ని లోపలికి, క్యాచర్ వైపు తిప్పి, గడ్డం ఆ భుజంలో దాచుకొని, బ్యాట్‌ను కిందికి దించి, బంతికి వీపు చూపించాలి. వీపు కండ మీద తగిలే బంతి నొప్పి పెడుతుంది కానీ మోచేతి ఎముక మీద తగిలినట్టు కాదు.

దీన్ని పెరట్లో టెన్నిస్ బంతులతో నేర్పండి. హెల్మెట్ పెట్టించి, పది పన్నెండు అడుగుల దూరం నుంచి, చేతి కింది నుంచి మెల్లగా, నేరుగా అతని మీదికే వేయండి. ఐదారుసార్లు తిరగడం అలవాటయ్యాక, ఏ బంతి మీదికి వస్తుందో, ఏది ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) మీదికి వస్తుందో చెప్పకుండా కలిపి వేయండి. మీదికి వచ్చినదానికి తిరగాలి, ప్లేట్ మీదికి వచ్చినదాన్ని కొట్టాలి. మొదట్లో ప్రతి బంతికీ తిరిగేస్తాడు, తిరగనివ్వండి. రెండు మూడు రోజుల్లో, తిరగవలసిన బంతి చాలా అరుదని అతని కళ్ళే తెలుసుకుంటాయి. ఆ తర్వాత మెత్తని ప్రాక్టీసు బంతులు, చివరికి అసలు బంతి. ఒక్కో మెట్టుకు వారం పట్టినా తొందరపడకండి. ముందుకాలు జారకుండా కొందరు కోచ్‌లు పిల్లవాడి మడమల వెనక బ్యాటో, దుంగో పెడతారు. తట్టుకొని పడితే కాలు మడతపడుతుంది, నేనది చేయించను. డ్రైవ్‌వేలో సుద్దతో పిచర్ వైపు ఒక గీత గీసి, కొట్టాక తన కాలి వేళ్ళు గీత మీద ఉన్నాయో లేదో అతన్నే చూసుకోమనండి. మీరు చెప్పడం కన్నా తాను చూసుకోవడం మేలు.

రెండో పని, సమయం. లిటిల్ లీగ్‌లో మీ అబ్బాయి వయసువాళ్ళకు పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు 46 అడుగులు. గంటకు 50 మైళ్ళ వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని సెకనులో మూడింట రెండొంతుల కన్నా తక్కువ సమయంలో దాటుతుంది, పిచర్ ముందుకు అడుగేసి వదులుతాడు కనుక నిజానికి ఇంకా తక్కువే. ఇంతలోనే చూడాలి, నిర్ణయించాలి, బ్యాట్ తిప్పాలి. బంతి చెయ్యి వదిలాక కాలు ఎత్తడం మొదలుపెట్టే పిల్లవాడికి ఈ సమయం ఎప్పటికీ చాలదు. పిచర్ చెయ్యి వెనక్కి వెళ్తున్నప్పుడే బ్యాటర్ కూడా కదలాలి. మీరు క్రికెట్‌లో బౌలర్ పరుగును చూస్తూ బ్యాక్‌లిఫ్ట్ తీసుకునేవారు కదా, అదే ఇది. దీనికి బంతి కూడా అక్కర్లేదు. అవతలి పిచర్ వార్మప్ చేస్తున్నప్పుడు, డగౌట్ (జట్టు కూర్చునే చోటు) పక్కన సురక్షితమైన చోట నిలబెట్టి, ప్రతి పిచ్‌కూ కాలు ఎత్తి దించమనండి, బంతి ప్లేట్ దాటే క్షణంలో నోటితో "ఇప్పుడు" అనమనండి. మూడు నిమిషాల పని, ఖర్చు లేదు. చాలామంది పిల్లలకు నేను చూసిన పెద్ద మార్పు దీనితోనే వచ్చింది.

బంతితో చేసే సాధనలో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్నది ముందు నుంచి వేసే టాస్. పక్క నుంచి వేసే సాఫ్ట్ టాస్ కన్నా ఇది మెరుగు, ఎందుకంటే బంతి మ్యాచ్‌లో ఎటు నుంచి వస్తుందో అటు నుంచే వస్తుంది. మీరు ఎల్-స్క్రీన్ (బంతి వేసేవారికి అడ్డుగా నిలిపే వల) వెనక, పదిహేను ఇరవై అడుగుల దూరంలో కూర్చొని చేతి కింది నుంచి వేయాలి. స్క్రీన్ లేకుండా అసలు బంతితో ఈ పని ఒక్కసారి కూడా చేయవద్దు, పదేళ్ళ పిల్లవాడు సరిగ్గా కొట్టిన బంతి మీ కంటికి అందదు. స్క్రీన్ కొనలేకపోతే రంధ్రాలున్న ప్లాస్టిక్ విఫుల్ బంతులు వాడండి. కొంత అలవాటయ్యాక 28 అడుగుల నుంచి పై చేతితో, గంటకు 30 మైళ్ళ వేగంతో వేసినా చాలు, అబ్బాయికి దొరికే సమయం మ్యాచ్‌లో 50 మైళ్ళ బంతికి దొరికేంతే. మీ భుజం కూడా మిగులుతుంది. బ్యాటింగ్ కేజ్‌లోని బంతులు విసిరే యంత్రం గురించి అడిగారు. అది వేగానికి కన్ను అలవాటు పడడానికి కొంత పనికొస్తుంది, కానీ యంత్రానికి చెయ్యి లేదు. మీ అబ్బాయి నేర్చుకోవలసింది సరిగ్గా ఆ చేతిని చూసి కదలడమే కనుక, నేను డబ్బు అక్కడ పెట్టను.

ఈ టాస్‌లోనే మూడో పనిని, అంటే నిర్ణయాన్ని, కలపాలి. ప్రతి బంతినీ నడుము ఎత్తున, ప్లేట్ మధ్యలో వేస్తే అది మళ్ళీ టీ అవుతుంది. ఒకటి మెల్లగా, ఒకటి వేగంగా, ఒకటి లోపలికి, ఒకటి దూరంగా, అప్పుడప్పుడు కొట్టకూడనిది. కొట్టకూడనిది వదిలేసినప్పుడు కూడా కొట్టినప్పుడు ఎంత మెచ్చుకుంటారో అంతే మెచ్చుకోండి. ఇందులో ఒక కిటుకు ఉంది. బ్యాట్ కదపని పిల్లలు లోలోపల "వద్దు, వద్దు" అనుకుంటూ నిలబడి, మంచి బంతి కనబడితే "సరే" అనుకోబోతారు. అప్పటికి ఆలస్యమవుతుంది. దీన్ని తిరగేయాలి. ప్రతి బంతికీ "అవును, అవును" అనుకుంటూ కొట్టడానికే సిద్ధపడాలి, చెడ్డ బంతి అయితే ఆఖరి క్షణంలో "వద్దు" అని ఆగాలి. టాస్ వేసేటప్పుడు ఈ మాటలు అబ్బాయి చేత పైకే అనిపించండి. మొదటి రోజు నవ్వుకుంటాడు, నవ్వనివ్వండి.

కలిపి వేస్తే ప్రాక్టీసులో తప్పులు ఎక్కువగా కనబడతాయి, అది చూసి మీరు పాత పద్ధతికి వెళ్ళిపోతారేమోనని నా భయం. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కాలేజీ బేస్‌బాల్ ఆటగాళ్ళకు అదనపు సాధనగా ఒక్కో విడతలో 45 బంతులు ఇచ్చారు. 15 ఫాస్ట్‌బాల్స్ (వేగమైనవి), 15 కర్వ్‌బాల్స్ (వంపు తిరిగేవి), 15 చేంజప్స్ (మెల్లగా వచ్చి మోసగించేవి). ఒక బృందానికి ఒకే రకం బంతులు వరుసగా వేశారు, మరో బృందానికి ఏది వస్తుందో తెలియకుండా కలిపి వేశారు. ఆరు వారాల తర్వాత పెట్టిన పరీక్షలో కలిపి వేయించుకున్నవాళ్ళే స్పష్టంగా ముందున్నారు. వాళ్ళు పెద్దవాళ్ళు, నైపుణ్యం ఉన్నవాళ్ళు అన్నది నిజమే. బ్యాట్ పట్టుకోవడం కూడా రాని పిల్లవాడికి మొదటి రోజే ఇలా చేస్తే గందరగోళపడతాడు. కానీ మీ అబ్బాయి ఆ దశ దాటాడని మీ గ్యారేజ్ నెట్టే చెబుతోంది.

టీని పారేయమని నేను అనడం లేదు. దాని పని దానికుంది. ఎక్కడ బంతిని కలవాలన్నది టీ చెప్పినంత శుభ్రంగా మరేదీ చెప్పదు. లోపలి వైపు వచ్చే బంతిని ప్లేట్‌కు కాస్త ముందే కలవాలి, దూరంగా పోయే బంతిని కాస్త వెనక్కి రానిచ్చి కలవాలి. ఐదు బంతులకొకసారి టీని జరపండి, ఎత్తు మార్చండి. ప్రతి బంతికీ బ్యాటర్ నిలబడే గీతల పెట్టె బయటికి వచ్చి, మళ్ళీ నిలబడి, ఎదురుగా పిచర్ ఉన్నట్టు చూసి, అప్పుడు కొట్టాలి. ఇలా చేస్తే 20, 25 బంతులకే పదిహేను నిమిషాలు పడుతుంది, చాలు. వారానికి మూడు రోజులు చాలు. 200 బంతుల్లో చివరి 150 అలసిన చేతులతో కొట్టినవి. అలసిన చేతులు నేర్చుకునేది అలసిన స్వింగే.

పైకా, కిందికా అన్న వాదన మీ ఇంట్లోనే కాదు, ఈ ఆటలో ఎప్పటినుంచో ఉంది. 1941లో అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో .406 సగటు, అంటే పది అవకాశాలకు నాలుగుకు పైగా హిట్లు, సాధించిన టెడ్ విలియమ్స్ చెప్పిన తర్కం నాకు సరైనదనిపిస్తుంది. పిచర్ ఎత్తు మీద నుంచి వేసే బంతి కొద్దిగా కిందికి దిగుతూ వస్తుంది కనుక, బ్యాట్ కొద్దిగా పైకి లేస్తూ వెళ్తే రెండూ ఒకే దారిలో ఎక్కువసేపు కలిసి ఉంటాయి. అయితే పదేళ్ళ పిల్లవాడికి ఇదంతా చెప్పనక్కర్లేదు. నెట్ వెనక భాగంలో, అతని ఛాతీ ఎత్తున ఒక గుడ్డ కట్టి "బంతితో దాన్ని కొట్టు" అనండి. మోచెయ్యి ఎక్కడుండాలి, తుంటి ఎప్పుడు తిరగాలి అన్న లెక్కలన్నీ ఒళ్ళు తానే చూసుకుంటుంది. అవయవాల మీద కన్నా ఫలితం మీద మనసు పెట్టిన పిల్లవాడు మెరుగ్గా కదలడం నేను చాలాసార్లు చూశాను. మీ "ముందుకాలు వెయ్యి" అన్న మాటను మాత్రం కొంతకాలం పక్కన పెట్టండి. క్రికెట్‌లో బంతి నేల తాకే చోటికి కాలు వేసి, బరువంతా ముందుకు తీసుకెళ్తాం. ఇక్కడ బంతి నేల తాకదు. కాలు చిన్నగా పడాలి, బరువు వెనక నిలిచి, తుంటితో పాటు తిరగాలి. ఒకే కాలికి రెండు ఆజ్ఞలు వస్తే అది నిలబడిపోతుంది, దానితో బ్యాట్ కూడా.

మీ చిన్నప్పటి ఆటల్లో ఒకటి మాత్రం నేరుగా పనికొస్తుంది. మీ వైపు చిర్రగోనె అంటారు, కోస్తాలో బిళ్ళంగోడు. గాలిలోకి లేచిన చిన్న చిర్రను కర్రతో కొట్టిన చేతికి, కంటికి ఎంత పదును వస్తుందో మీకు తెలుసు. మేజర్ లీగ్‌కు ఎంతోమంది గొప్ప బ్యాటర్లను పంపిన డొమినికన్ రిపబ్లిక్‌లో పిల్లలు వీధుల్లో 'విటీయా' ఆడతారు. పెద్ద నీళ్ళ క్యాన్ ప్లాస్టిక్ మూతను విసిరితే చీపురు కర్రతో కొట్టడం. మూత గాలిలో వంకరలు పోతుంది. డాన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు ఆస్ట్రేలియాలోని బౌరాల్‌లో గోల్ఫ్ బంతిని నీళ్ళ ట్యాంకు దిమ్మెకు కొట్టి, తిరిగొచ్చినదాన్ని స్టంపుతో ఆడేవాడని మీకు నేను చెప్పనక్కర్లేదు. సన్న కర్ర, చిన్న వస్తువు, ఎవరి సలహా లేని పెరడు. ఆదివారం పూట మీ ఇద్దరూ కలిసి మూత, చీపురు కర్ర పట్టుకోండి. మీరు తప్పిస్తే అతను నవ్వాలి. దాన్ని డ్రిల్ అని పిలవకండి, లెక్క రాయకండి.

జట్టు గురించి. మీరు రాసినట్టు పన్నెండు మంది పిల్లల్లో ఒకరు కొడుతుంటే పదకొండు మంది నిలబడితే, గంట ప్రాక్టీసులో ఒక్కొక్కరి వాటా ఐదు నిమిషాలు. ముగ్గురేసి చొప్పున నాలుగు చోట్ల పెట్టి, ఎనిమిది నిమిషాలకొకసారి మారిస్తే, అరగంటలోనే ప్రతి పిల్లవాడూ అంతకన్నా ఎక్కువసేపు కొడతాడు. ఒకచోట టీ, ఒకచోట ముందు నుంచి టాస్, ఒకచోట సన్న కర్రతో చిన్న విఫుల్ బంతులు, ఒకచోట బ్యాట్ తిప్పకుండా బంతిని చూసి "అవును", "వద్దు" చెప్పడం. ప్రతిచోటా ఒక పెద్దవారు ఉండాలి. బ్యాట్ ఒక్కరి చేతిలోనే ఉండాలి, మిగతావాళ్ళకు గీత గీసి దాని వెనకే నిలబెట్టాలి. పిల్లల ప్రాక్టీసులో నేను చూసిన చెడ్డ దెబ్బలు పిచర్ వల్ల కన్నా పక్కవాడి బ్యాట్ వల్లే ఎక్కువ. దీన్ని ప్రధాన కోచ్‌తో మైదానం బయట, పిల్లలు లేనప్పుడు మాట్లాడండి. ఆయన పద్ధతి తప్పని కాక, ఒక అరగంట మీకు ఇవ్వమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఈ సీజన్‌కు ఆయన మాట సాగనివ్వండి. ఒక స్వింగ్ గురించి ఇద్దరు కోచ్‌లు వాదించుకుంటుంటే మధ్యలో నలిగేది మీ అబ్బాయే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, ఈ సీజన్ మిగిలిన వారాలు సాధన తగ్గించి, పైన చెప్పిన క్రమంలో నడవడం. దీనివల్ల హిట్లు వెంటనే రాకపోవచ్చు. ముందు కనబడవలసిన మార్పు బ్యాట్ కదలడం. తప్పినా సరే కదిలితే మీ నోట్‌బుక్‌లో అది గెలుపు. రెండోది, ప్రైవేటు శిక్షకుడు. మంచివారు దొరికితే మేలే, ఒక విధంగా మీ ఇద్దరి మధ్య ఉన్న ఒత్తిడి కూడా తగ్గుతుంది. కానీ మ్యాచ్ చూడకుండా కేజ్‌లో మాత్రమే స్వింగ్ చూసేవారైతే, మీ గ్యారేజ్‌నే గంటకు ఇంత అని అద్దెకు తీసుకున్నట్టు అవుతుంది. పైగా ఇప్పటికే మూడు గొంతులు వింటున్న పిల్లవాడికి నాలుగో గొంతు తోడవుతుంది. ఆయన్ని పెట్టుకుంటే మిగతా గొంతులు ఆపగలరా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. మూడోది, వచ్చే సీజన్‌లో ఒక విభాగం కిందికి వెళ్ళడం. మెల్లని బంతులు, తొందరగా ధైర్యం. కానీ స్నేహితులు పై జట్టులో ఉంటే పదేళ్ళవాడికి అది చిన్న అవమానం కాదు. అతన్ని అడగకుండా మాత్రం చేయవద్దు.

నాలుగోది, మీ శ్రీమతి చెబుతున్నది. అది తేలిగ్గా తీసిపారేయవలసిన మాట కాదు. కడుపునొప్పిని మీకన్నా ముందు గమనించింది ఆమే. పిల్లవాడికి క్రికెట్ నిజంగా ఇష్టమైతే వెళ్ళనివ్వండి, ఏ ఆటా మరొకదాని కన్నా తక్కువ కాదు. కానీ భయం నుంచి పారిపోవడానికి వెళ్తే, అక్కడా బంతి గట్టిదే, అది నేల తాకి లేచి ఒంటి మీదికి వస్తుంది. భయం అతనితోపాటే వెళ్తుంది. కనీసం టెన్నిస్ బంతులతో ఆ తిరగడం నేర్చుకున్నాక, భయం కాస్త తగ్గాక నిర్ణయం తీసుకుంటే అది అతని ఇష్టాన్ని బట్టి తీసుకున్న నిర్ణయం అవుతుంది. నాకు వదిలేస్తే నేను మొదటి దారినే ఆరు వారాలు పట్టుకుంటాను. కడుపునొప్పి తగ్గకపోతే, లేదా ప్రాక్టీసు లేని రోజుల్లో కూడా వస్తుంటే, బేస్‌బాల్‌ను పక్కన పెట్టి ముందు పిల్లల డాక్టరుతో మాట్లాడతాను.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మీ అబ్బాయి బ్యాటింగ్‌కు నిలబడినప్పుడు మొదటి బేస్ దగ్గర కోచ్‌గా మీరు నిలబడతారని రాశారు. అంటే ప్రతి పిచ్‌కు ముందు అతనికి ఎదురుగా కనబడేది మీ ముఖమే. మూడో స్ట్రైక్ పడ్డాక డగౌట్‌కు వెళ్తూ మీవైపు చూస్తాడని, మీరు ఏమీ అనరని కూడా రాశారు. నోటితో అనకపోవచ్చు. వచ్చే మ్యాచ్ నుంచి ఆ పని వేరొక తండ్రికో తల్లికో ఇచ్చి, మీరు డగౌట్‌లో వెనక ఉండి పిల్లలకు హెల్మెట్లు అందించండి. కారులో ఇంటికి వచ్చేటప్పుడు ఆట గురించి అతను ఎత్తితే మాట్లాడండి, లేకపోతే ఆకలిగా ఉందా అని అడగండి. సాధన ఉండే మూడు రోజులు ఏవో, ఏ పని ముందు చేయాలో అతన్నే ఎంచుకోమనండి. టీ ముందా, టెన్నిస్ బంతులా, చీపురు కర్రా అన్నది పదేళ్ళవాడు నిర్ణయించగలిగిన విషయమే.

రెండు మ్యాచ్‌ల నోట్‌బుక్ పూర్తయ్యాక, ముందుకాలు ఎన్నిసార్లు జారిందో, ఎన్ని మంచి బంతులకు బ్యాట్ కదల్లేదో, ఫౌల్స్ ఎటు పోయాయో నాకు రాయండి. ఆ అంకెలు చూస్తే వచ్చే నెల టాస్ ఏ దూరం నుంచి మొదలుపెట్టాలో, అసలు బంతికి ఎప్పుడు మారాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.